కప్పకు ఎవరో తిండి పెడుతున్నారు

సూరత్, అడాజన్
జూన్ 21

పద్మారాణీ,

నిన్న ఫోన్లో నువ్వు మూడుసార్లు అడిగావు, ఎప్పుడు వస్తున్నావని. నేను మూడుసార్లు చెప్పాను. నీకు ఒక్కసారీ వినబడలేదు. మా అపార్ట్‌మెంటులో మాత్రం అందరికీ వినబడింది. పై అంతస్తులో ఉండే మా ఓనరమ్మ పొద్దున లిఫ్టులో పట్టుకుని, "మాసీ, గావ్ జా రహే హో క్యా" అంటూ ఊరికి పోతున్నానా అని అడిగింది. ఆమెకు తెలుగు ముక్క రాదు. అందుకే ఇకనుంచి ఉత్తరాలు. నీకు చెవులు పోయాయి గాని కళ్ళు బాగానే ఉన్నాయి, నాకు అరిచే ఓపిక పోయింది గాని చేతిరాత అలాగే ఉంది.

నీ ప్రశ్నకు జవాబు ఇది. నలభై రోజుల తరవాత వస్తాను. ఒక కప్ప సుఖంగా ఉంటే.

నవ్వకు. హన్మకొండలో నీ ఇంటి ముందు గదిలో నువ్వు, వెనక గదిలో నేను, మధ్యలో మనిద్దరి వంటిల్లు, ఈ మాట నేను ఇంట్లో ఎత్తిన రోజున జనార్దన్ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపేశాడు. నా కొడుకు హజీరాలో గ్యాసు ప్లాంటులో పనిచేస్తాడని నీకు తెలుసుగా. ప్రమాదాలు జరగకముందే వాటికి ఫారాలు నింపడం వాడి ఉద్యోగం. ఇంట్లోనూ అంతే. "అమ్మా, ఫిబ్రవరిల పాలు మాడ్చినవు. ఏప్రిల్ల ఖాళీ గిన్నె పొయ్యి మీద పెట్టి బాల్కనీల పేపర్ చదువుకుంట కూసున్నవు. ఆమెకేమో వినబడది, నీకేమో గుర్తుండది. ఇద్దర్ని ఒక ఇంట్ల పెట్టి నేను ఈడ నిద్రపోవాల్నా?" అన్నాడు. పాలు మాడ్చని ఆడది ఈ దేశంలో ఎవరో చూపించమన్నాను. కోడలు అనురాధ వైపు చూశాడు. అనురాధ పెరుగు గిన్నె వైపు చూసింది. బ్యాంకులో పనిచేసే మనిషి కదా, అవసరమైనప్పుడు ఎటూ చూడకుండా ఉండటం వచ్చు.

ఇంతలో మనవరాలు ఇందుజ ఒక గాజు తొట్టి మోసుకొచ్చింది. స్నేహితురాలెవరో హాస్టల్ ఖాళీ చేస్తూ దీనికి అంటగట్టిందట. తొట్టిలో నా బొటనవేలంత కప్ప, గోధుమరంగు మీద నల్ల చుక్కలు. "నానమ్మా, ఇది పూరా పానీలనే ఉంటది, బయటికి రానే రాదు. గాలికి మాత్రం పైకొస్తది, బస్" అంది. కాలేజీకి పోయే పిల్ల కప్పను ఎప్పుడు చూసుకుంటుంది అని వాళ్ళమ్మ అంటుండగానే జనార్దన్ మొహం వెలిగింది. ఆ వెలుగు నాకు అప్పుడే నచ్చలేదు. "అమ్మా, నలభై దినాలు దీన్ని నువ్వొక్కదానివే చూస్కో. తిండి, నీళ్ళు, అన్నీ. ఎవ్వరం వేలు పెట్టం. అది మంచిగుంటే నేనే టికెట్ తీసి నవజీవన్ రైలు ఎక్కిస్త. లేకపోతే మల్ల ఆ మాట ఎత్తద్దు" అన్నాడు.

ముప్పై నాలుగేళ్ళు జీవశాస్త్రం చెప్పినదాన్ని. పిల్లలచేత ఎన్ని కప్పలను కోయించానో నీకు తెలుసు. బతికించమని అడిగినవాడు మాత్రం వీడొక్కడే. ఒప్పుకున్నాను. నేను ఒప్పుకున్నందుకు వాడు అంత సంతోషించడమే నాకు అనుమానంగా ఉంది. తప్పుతుందని నమ్మకం లేకపోతే ఎవడూ అంత హుషారుగా పరీక్ష పెట్టడు.

ఇప్పటికి నాలుగు రోజులు. అది అన్నం ముట్టలేదు. అంటే దాని అన్నం. ఎర్రటి సన్న పురుగులను గడ్డకట్టించి చిన్న చిన్న గళ్ళున్న అట్టలో అమ్ముతారు, గడికి శనగగింజంత ముక్క. వాటిని మా ఫ్రీజర్లో పెట్టాలి. ఓనరమ్మ వాళ్ళు మాంసం తినేవాళ్ళకు ఇల్లే ఇవ్వరు, పైగా ఐసుకోసం ఎప్పుడంటే అప్పుడు వచ్చి మా ఫ్రిజ్జు తెరుస్తుంది. ఏం చెయ్యాలా అని నేను ఆలోచిస్తుంటే అనురాధ ఆ అట్టను ఒక డబ్బాలో పెట్టి, మూత మీద 'బీట్‌రూట్' అని హిందీలో రాసి, ఫ్రిజ్జు తలుపు మూసింది. ఇరవై నాలుగేళ్ళుగా ఈమెతో ఉంటున్నాను, ఇంత చక్కగా అబద్ధం ఆడగలదని ఇప్పుడే తెలిసింది. పురుగులను బీట్‌రూట్ చేసిన మనిషి ఇంకేమైనా చేస్తుంది.

పనికి వచ్చే భూదేవి తొట్టి ముందు నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. వాళ్ళది జగిత్యాల దిక్కు, భర్త మగ్గాల మీద పనిచేస్తాడు. "గిదేందమ్మా, కప్పను ఇంట్ల పెట్టుకునుడేంది. మా దిక్కు వానొస్తే అవే వస్తయి, చీపురుతోని తోలుతం" అంది. నేను పరీక్ష సంగతి చెప్పాను. "అయితే జర పైలం" అని గొంతు తగ్గించింది. ఎవరితో జాగ్రత్తగా ఉండాలో చెప్పలేదు.

కప్ప మట్టి కుండ పెంకు కింద దూరి నన్నే చూస్తోంది. దానికి చూపు ఆనదని ఇందుజ అంటుంది. నాకు నమ్మకం లేదు.

నీ,
కాత్యాయని

జూలై 6

పద్మా,

తిన్నది. ఏడో రోజున, నేను చిమటా అనే సన్న పట్టుకారు కొసకు ముక్క పట్టుకుని నీళ్ళలో పావుగంట నిలబెడితే. నిజంగానే దానికి చూపు ఆనదు. వాసన పట్టి, ఎటో తిరిగి, రెండుసార్లు చిమటాను కరిచి, చివరికి ముక్కను దొరకబుచ్చుకుని రెండు చేతులతో నోట్లోకి తోసుకుంది. మన పాత హెడ్మాస్టరు లడ్డూ తిన్నట్టే.

నీళ్ళు కుళాయి నుంచి పట్టి ఒక రోజు బకెట్లో ఉంచుతున్నాను, మందు వాసన పోవాలని. మూడు రోజులకోసారి పావు వంతు తీసి అంతే పోస్తున్నాను. తొట్టి మీద మూత, మూతమీద జీవశాస్త్రం పుస్తకం. మొన్న పొద్దున అది కాళ్ళు చేతులు చాపి నీటిపైన కదలకుండా తేలుతూ కనబడింది. టికెట్ పోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే ముందు టికెట్టే అనుకున్నాను, తరవాత కప్ప. వేలితో గాజు తట్టగానే చటుక్కున కిందకు పోయింది. అది దాని విశ్రాంతి ఆసనమట.

ఇక అసలు సంగతి. దీనికి సోమ, బుధ, శుక్రవారాలే తిండి. రోజుకు ఒక్క ముక్క. గోడకు కాగితం అంటించి, పెట్టిన రోజున టిక్కు కొడుతున్నాను. ఒక్క టిక్కు తప్పలేదు, ఒక్కటి ఎక్కువ లేదు. అయినా కప్ప ఉబ్బుతోంది. పొట్ట గుండ్రంగా, చర్మం బిగుసుకుని, ఈదుతుంటే ఒక పక్కకు ఒరుగుతోంది. ఇందుజ ఫోటో తీసి అక్వేరియం దుకాణం అతనికి పంపితే, అతను ఫోన్ చేసి నాతోనే మాట్లాడాడు. "మాసీ, ఖానా జ్యాదా హో రహా హై. తీన్ దిన్ కుఛ్ మత్ దో" అన్నాడు, తిండి ఎక్కువవుతోందట, మూడు రోజులు ఏమీ పెట్టొద్దట. నేను వారానికి మూడే పెడుతున్నానన్నాను. "తో ఔర్ కౌన్ ఖిలా రహా హై?" అన్నాడు.

నాకు తోచని ప్రశ్న చేపలమ్మేవాడికి తోచింది. ఇంకెవరు పెడుతున్నారు?

మూడు రోజులు పస్తు పెట్టాను. పొట్ట తగ్గింది. అంటే దుకాణం అతను చెప్పింది నిజం, ఎవరో వేలు పెడుతున్నారు. ఇంట్లో నలుగురం, వచ్చిపోయేది భూదేవి. ఇందుజకు నేను పాసైనా ఫెయిలైనా ఒకటే, దానికి కాలేజీ, ఫోన్, నిద్ర తప్ప లోకం లేదు. జనార్దన్ ఏడింటికి కంపెనీ బస్సెక్కి పోతాడు, కాని ఆదివారాలు ఇంట్లోనే. పరీక్ష పెట్టినవాడికే నేను ఓడిపోవడం కావాలి, కాని వేలు పెట్టనని మాటిచ్చాక వాడు తప్పేవాడు కాదు. భూదేవిని అడిగాను. "నేనెందుకు పెడ్తనమ్మా, దాని దగ్గర ఊడ్వాలన్నా నేను దూరం జరుగుత" అంది. ఆ మాటలో అబద్ధం ఉండదు.

మిగిలింది ఎవరో నేను రాయక్కర్లేదు.

కాత్యాయని

జూలై 19

పద్మారాణీ,

నీ కార్డు చేరింది. 'అనురాధ అటువంటి పిల్ల కాదే' అని రాశావు. నువ్వు ఎప్పుడూ అంతే, కాపీ కొట్టిన పిల్లల్ని కూడా ఏడిస్తే వదిలేసేదానివి.

సాక్ష్యం విను. అట్టలో ఇరవై నాలుగు గళ్ళు. నా కాగితం ప్రకారం నేను పెట్టింది పదకొండుసార్లు. పదమూడు ముక్కలు ఉండాలి. శుక్రవారం డబ్బా తెరిచి చూస్తే ఆరు ఉన్నాయి. ఏడు ముక్కలు నడిచి వెళ్ళిపోయాయా? ఇంకోటి. తొట్టి అడుగున మిగిలిన తిండిని పీల్చేందుకు ఇందుజ తెచ్చిన పొడుగు డ్రాపరు ఒకటి ఉంది. నేను దాన్ని వాడింది రెండుసార్లే, కప్ప శుభ్రంగా తింటుంది కాబట్టి. కాని ఈమధ్య నేను సాయంత్రం కింద తోటలో గుజరాతీ ఆడవాళ్ళ బెంచీ మీద కూర్చుని వచ్చేసరికి ఆ డ్రాపరు తరచూ తడిగా ఉంటోంది. మొన్న బుధవారం వాన పడి ముందే పైకి వచ్చేశాను. అనురాధ తొట్టి దగ్గర వంగి ఉంది. నన్ను చూసి చెయ్యి వెనక్కు పెట్టుకుంది. "ఏంది?" అన్నాను. "ఏం లేదత్తమ్మా, ఊకెనే చూస్తున్న" అంది. నలభై అయిదు మంది పిల్లలున్న తరగతిలో వెనక బెంచీ చేతులు చూసి బతికినదాన్ని నేను.

ఆదివారం భోజనాల దగ్గర అడిగేశాను. "నా కప్పకు దొంగతిండి ఎవరు పెడుతున్నారో వాళ్ళే చెప్తే బాగుంటది" అన్నాను. ఇందుజ ఫక్కున నవ్వింది. జనార్దన్, "అమ్మా, కప్పకు దొంగతిండి ఏంది, జర నువ్వు విను నీ మాట" అన్నాడు. "నువ్వు విననీయవు కదా" అన్నాను. అనురాధ పప్పు వడ్డిస్తోంది. "మీరు ఎవర్ని అనుకుంటున్నరో చెప్పుండ్రి అత్తమ్మా" అంది. "నా నోటితో ఎందుకు, ఫ్రీజర్లో పురుగుల్ని బీట్‌రూట్ చేసినవాళ్ళకు తెలుసు" అన్నాను. గరిటె గిన్నెలో పెట్టి లోపలికి పోయింది. జనార్దన్ తినకుండా లేచాడు. నేను తిన్నాను. పప్పు బాగుంది.

నీకు ఇంతవరకు రాయని సంగతొకటి రాస్తాను, చదివి ఈ కాగితం చింపెయ్యి. నేను ఎందుకు వస్తానంటున్నానో నీకు చెప్పిన కారణాలన్నీ నిజమే, వీళ్ళకు టైం లేదు, నాకు మాట్లాడే తోడు లేదు, అన్నీ. అసలు కారణం వేరే. ఏప్రిల్లో ఆ ఖాళీ గిన్నె తరవాత, వీళ్ళు ముగ్గురూ పొద్దున బయటికి పోయేటప్పుడు గోడ దగ్గర గ్యాసు పైపు వాల్వు మూసి పోతున్నారు. ఆ వాల్వు పిడి తీసి ఎక్కడో పెడతారు. నాకోసం ఫ్లాస్కులో టీ ఉంటుంది. నాతో ఎవరూ చెప్పలేదు. నేనే పదకొండింటికి స్టవ్ వెలిగించబోయి, వెలగక, పావుగంట బర్నరు తుడుస్తూ నిలబడి, అప్పుడు చూశాను. అడగలేదు. అడిగితే నా మంచికే అంటారు, నేను దానికి జవాబు చెప్పలేను. మూడు నెలలుగా నేను ఫ్లాస్కు టీ తాగుతున్నాను పద్మా. వాళ్ళు పిడి దాచేది నాకు తెలుసని వాళ్ళకు తెలియదు. అక్కడ హన్మకొండలో, మన వంటింట్లో నేనే అగ్గిపుల్ల గీసి ఒక గ్లాసు టీ పెట్టుకోవాలి. నాకు కావలసింది అంతే. దానికోసమే ఈ కప్ప కాళ్ళు పట్టుకున్నాను.

అటువంటి కప్పకు దొంగతిండి పెట్టి ఉబ్బించేవాళ్ళను నేను ఊరుకోను. ఇందుజను బతిమాలాను. దాని పాత ఫోన్ ఒకటి పుస్తకాల అరలో, నిఘంటువు పక్కన నిలబెట్టింది. తొట్టి దగ్గరికి మనిషి వస్తేనే దానంతటదే రికార్డు చేస్తుందట. "మమ్మీ మీద స్టింగ్ ఆపరేషనా నానమ్మా, ఇది చాలా ఘోరం" అంటూనే చేసింది. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. ఇంకో ఎనిమిది రోజులు. దొంగ దొరికాక నేనే జనార్దన్‌కు చూపిస్తాను, మళ్ళీ నా మతిమరుపు గురించి ఆ నోరు లేవకూడదు.

కాత్యాయని

జూలై 28

పద్మా,

నిన్నటితో నలభై రోజులు నిండాయి. కప్ప బాగుంది. పొట్ట తగ్గింది, చిమటా చప్పుడుకే పైకి వస్తోంది. జనార్దన్ ఆఫీసు నుంచి వచ్చి తొట్టి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, కప్పను, గోడమీద నా టిక్కులను ఇన్‌స్పెక్టరులాగా చూశాడు. తరవాత జేబులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. ఆగస్టు పన్నెండు, నవజీవన్, కింది బెర్తు. "మాటంటే మాటనే అమ్మా" అన్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను పాసయ్యాను.

ఇప్పుడు దొంగ సంగతి.

శనివారం మధ్యాహ్నం ఇందుజ, నేను గది తలుపేసుకుని ఆ ఫోన్ చూశాం. సోమవారం మొదటిది. పొద్దున ఏడింటికి నేను వస్తాను. గోడమీద టిక్కు కొడతాను. వెళ్ళిపోతాను. "నానమ్మా, పెట్టకముందే టిక్కా?" అంది ఇందుజ. అవును, పొద్దున్నే హాజరు వేసి ఆ తరవాత పాఠం చెప్పడం నాకు ముప్పై నాలుగేళ్ళ అలవాటు. హాజరు పట్టీ పూర్తిచేయకుండా నేను సుద్దముక్క పట్టుకోలేదు ఎప్పుడూ. అందులో తప్పేముంది అన్నాను. పదింటికి మళ్ళీ వస్తాను, ముక్క పెడతాను, కప్ప తింటుంది, నేను దానితో ఏదో మాట్లాడతాను. తరవాత భూదేవి, తొట్టికి దూరంగా జరిగి మరీ ఊడ్చింది. నేను అనురాధ కోసం ఎదురుచూస్తున్నాను.

నాలుగింటికి ఒక ముసలావిడ వచ్చింది. చేతిలో చిమటా, కొసన ఎర్రటి ముక్క. గోడమీద టిక్కు చూసింది, తల ఊపింది, ముక్క నీళ్ళలో పెట్టింది. కప్పతో, "ఆకలయిందా, పొద్దున్నుంచి ఎవరూ పెట్టలేదా" అంటోంది. నా నీలం చీర. నా గొంతు.

బుధవారమూ అంతే. శుక్రవారం లేదు, శుక్రవారం ఒక్కసారే. నాకు ఆ నాలుగు గంటల మనిషి గుర్తులేదు పద్మా. చీర గుర్తుంది, ఆ రోజు వాన గుర్తుంది, మధ్యాహ్నం నిద్ర లేచి మొహం కడుక్కోవడం గుర్తుంది. తొట్టి దగ్గరికి రావడం గుర్తులేదు. టిక్కు ఒకటే ఉంది కాబట్టి ఒకసారే పెట్టానని ఇన్నాళ్ళూ నమ్మాను. ఆ టిక్కు పొద్దున ఏడింటిది. అది ఏం పెట్టానో చెప్పదు, ఎన్నిసార్లు పెట్టానో చెప్పదు. ఈ ఇంట్లో ఒక్క నన్ను తప్ప అందరినీ అనుమానించాను.

రెండు రోజుల్లోనూ ఆరింటికి అనురాధ ఉంది. బ్యాంకు నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, డ్రాపరు తెచ్చి, కప్ప తినకుండా వదిలేసిన రెండో ముక్కను పీల్చి తీసేస్తోంది. మునివేళ్ళ మీద కూర్చుని, గాజుకు మొహం ఆనించి, పురుగు పురుగునూ.

ఇందుజ, "నానమ్మా, నేను డిలీట్ చేసేస్తా, ఛల్, ఎవరూ చూడలె" అంది. వద్దన్నాను. వాళ్ళమ్మను పిలవమన్నాను.

అనురాధ వచ్చి ఫోన్ చూసి మంచం అంచు మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"మీరు పస్తు పెట్టినంక. సాయంత్రం అడుగున ముక్క చూస్తే, మల్ల రెండుసార్లు పెడ్తున్నరని తెలిసింది."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటరా అత్తమ్మా? నేనే పెట్టి మీ మీద చెప్తున్న అంటరు. అన్నరు గద."

"జనార్దన్‌కు?"

"ఆయనకు చెప్తే పరీక్ష ఆడనే అయిపోతుండె."

"అంటే నేను పాస్ కావాలని. ఇల్లు విడిచి పోవాలని అంత తొందరా నీకు?"

ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చింది. "కొంచెం ఉండె" అంది. తరవాత, "మీరు పద్మారాణి టీచర్‌తోని ఫోన్ల మాట్లాడుతుంటే నవ్వుతరు. ఇంట్ల మీరు నవ్వంగ నేను చూడలె. పోతే పోనీ, నవ్వుతరు గద అనుకున్న" అంది.

క్షమించమని నేను అడగలేదు, నాకు ఆ మాట అలవాటు లేదు. టీ తాగుదామా అన్నాను. ఆమె లేచి వంటింట్లోకి పోయి, బియ్యం డబ్బాలోంచి వాల్వు పిడి తీసింది, నా ఎదురుగానే.

ఇక నిన్న సాయంత్రం జనార్దన్ టికెట్ నా చేతిలో పెట్టినప్పుడు ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం. ఆ ఇద్దరూ నోరు విప్పరు. నేను పెట్టె సర్దుకుంటే సరిపోయేది. నిజంగా సర్దుకోబోయాను పద్మా, నీకు అబద్ధం రాయను. అరగంట టికెట్ పట్టుకుని కూర్చున్నాను. కాని నీ వంటిల్లు కళ్ళముందు కనబడింది. నేను కుక్కరు పెట్టి మరిచిపోతాను. ఏడు విజిళ్ళు వస్తాయి. నువ్వు ముందు గదిలో పేపరు చదువుకుంటూ ఉంటావు, నీకు ఒక్కటీ వినబడదు. మన ఇద్దరిలో ఒకరికైనా ఏదో ఒకటి సరిగ్గా ఉండాలి. జనార్దన్ జూన్‌లో అన్నది ఇదే మాట. వాడు అన్నప్పుడు నాకు కోపం వచ్చింది, నేను చూసినప్పుడు రాలేదు.

వాడిని పిలిచి ఫోన్ చేతిలో పెట్టాను. చూశాడు. రెండోసారి చూశాడు. "అమ్మా" అన్నాడు, బాల్కనీలోకి పోయి నిలబడ్డాడు. ఓడిపోయింది నేను, ఏడ్చింది వాడు. గురువారం డాక్టరు దగ్గరికి అనురాధ తీసుకుపోతుంది. ఆయన ప్రశ్నలు అడుగుతాడట, తేదీ ఏమిటి, ఏ ఊరు, వందలోంచి ఏడు తీసెయ్యి అని. నేను చదువుకుని పోదామంటే అది కాపీ అవుతుందట.

వెనక గది నాకోసం ఉంచకు. సెప్టెంబరు నుంచి ఎవరికైనా అద్దెకు ఇచ్చెయ్యి, చెవులు బాగున్నవాళ్ళను చూసి.

టికెట్ మాత్రం రద్దు చేయించలేదు. పక్కనే ఇంకో బెర్తు తీయించాను, అనురాధకు. పది రోజులు సెలవు పెట్టింది. పన్నెండున బయలుదేరి వస్తున్నాం, ఆ పది రోజులూ వెనక గదిలో ఇద్దరం పడుకుంటాం. వంట ఆమె చేస్తుంది, టీ నేను పెడతాను. నేను అగ్గిపెట్టె తీసుకుని వంటింట్లోకి పోతే నీకు వినబడకపోయినా కనబడుతుంది కదా. పేపరు పక్కన పెట్టి వచ్చి నా పక్కన నిలబడు. అది పొంగేదాకా కదలకు.

నీ,
కాత్యాయని